పేర్లు లేని బోర్డు

జనవరి 6, సోమవారం

కొత్త టీమ్‌తో మొదటి రోజు. ఏడుగురు, నాలుగు ఊళ్ళు, మూడు టైమ్ జోన్లు. ఎవరూ ఎవరినీ ఎదురుగా చూసింది లేదు. క్లినిక్‌లలో నర్సులు వాడే యాప్ చేస్తున్నారు. ఏ పేషెంట్‌కి ఏ మందు ఎన్ని గంటలకి ఇవ్వాలో అది చెప్పాలి. డిసెంబర్‌లో రెండుసార్లు కుప్పకూలింది.

ఉదయం రోజువారీ మీటింగ్, స్టాండప్, పదకొండు నిమిషాల్లో అయిపోయింది. ఏడుగురూ ఒకే పాట: నో బ్లాకర్స్. ఏ ఇబ్బందీ లేని టీమ్ రెండుసార్లు ఎలా కూలగొట్టిందో నాకు అర్థం కాలేదు. ఒకాయన మ్యూట్ తియ్యడం మర్చిపోయి మూడు నిమిషాలు మాట్లాడాడు. ఎవరూ చెప్పలేదు. అందరం బుద్ధిగా తలలూపాం.

సాయంత్రం మా డిపార్ట్‌మెంట్ చూసే సర్ ఫోన్ చేశారు. మార్చి రిలీజ్ బాగా జరిగితే ఈ టీమ్ ఉంటుందట, లేకపోతే విడగొట్టి తలా ఒక చోటికి పంపేస్తారట. వాళ్ళని మాట్లాడించడం నీ ఒక్కదాని వల్లే అవుతుంది అన్నారు. తొమ్మిదేళ్ళ క్రితం నాకు ఈ పని నేర్పింది ఆయనే. నా మొదటి టీమ్ ముక్కలైనప్పుడు మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే నీళ్ళ సీసా తెచ్చి పక్కన కూర్చున్నారు. ఆ రోజు ఒక్క సలహా కూడా ఇవ్వలేదు.

స్క్రమ్ మాస్టర్ అంటే ఏంటని అక్క ఇప్పటికీ అడుగుతుంది. పని చెయ్యను, చేసేవాళ్ళు ఒకరి మీద ఒకరు పడకుండా చూస్తాను అంటాను. రోజూ కుర్చీలో కూర్చుని చేసేదానికి స్టాండప్ అని పేరు పెట్టింది ఎవరు అని ఇవాళ అడిగింది.

జనవరి 10, శుక్రవారం

మొదటి రెట్రో, అంటే వారం ఎలా గడిచిందో అందరం కలిసి చూసుకునే మీటింగ్. ఆన్‌లైన్‌లో ఒక బోర్డు తెరిచాను. ఎవరైనా చీటీలు రాసి అంటించవచ్చు, పేరు కనబడదు. ఇక్కడ రాసింది ఈ ఎనిమిది మందిని దాటి బయటికి పోదు అని మాట ఇచ్చాను. సర్‌కి కూడానా అని ఒకమ్మాయి అడిగింది. ఆమె మాట వేగానికి నేను లోపల తుఫాను అని పేరు పెట్టుకున్నాను. సర్‌కి కూడా చెప్పను అన్నాను.

వచ్చినవి మూడు చీటీలు. భోజనం వేళ మీటింగులు వద్దు. భోజనం వేళ మీటింగులు వద్దు. అంతా బాగుంది.

జనవరి 13, సోమవారం

నో బ్లాకర్స్.

జనవరి 17, శుక్రవారం

ఇవాళ ఒక చీటీ పడింది. "తప్పు కనబడినా చెప్పాలంటే భయం. పోయిన టీమ్‌లో చెప్పినందుకే నన్ను పక్కన పెట్టారు."

స్క్రీన్ మీద ఎనిమిది గడుల్లో ఆరు మొహాలు, కెమెరా ఆపిన రెండు గడులు నల్లగా. రాసినవాళ్ళకి థాంక్స్ అన్నాను. నా గొంతు నాకే కృత్రిమంగా వినిపించింది.

జనవరి 20, సోమవారం

ఇవాళ పెద్దాయనతో విడిగా మాట్లాడాను. యాప్‌లో తప్పులు వెతికే టెస్టర్, టీమ్‌లో అందరికంటే పెద్దవాడు. అందుకే అందరూ పెద్దాయన అంటారు. ఇంతవరకు కెమెరా పెట్టలేదు. ఎందుకో ఆయనతోనే మొదలుపెడదామనిపించింది.

పనేమీ లేదండీ, ఊరికే చేశాను అన్నాను. మనసులో ఏమైనా బరువుగా ఉందా అని అడిగాను. లైన్ పోయిందేమో అనుకున్నాను. ఇంతలో కెమెరా వెలిగింది. నెరిసిన జుట్టు, దళసరి కళ్ళద్దాలు, వెనక గోడ నిండా గడియారాలు. ఏడు ఉన్నాయి, ఏ రెండూ ఒకే టైం చూపించడం లేదు. పాతవి కొని బాగుచేస్తారట. ఒక్కటీ బాగవలేదని ఇంట్లోవాళ్ళ ఫిర్యాదట. ఇద్దరం నవ్వుకున్నాం. పోయిన టీమ్‌లో ఏం జరిగిందో తనంతట తనే చెప్పారు. నలభై నిమిషాలు విన్నాను.

ఫోన్ పెట్టాక కాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను. ఈ ఉద్యోగం ఎందుకు చేస్తున్నానో చాలా రోజుల తర్వాత గుర్తొచ్చింది.

ఫిబ్రవరి 7, శుక్రవారం

రెండు వారాల క్రితం కొత్తగా ఒకటి మొదలుపెట్టాను. రోజూ ఇద్దరేసి చొప్పున పావుగంట కాల్, పని మాట ఎత్తకూడదు. మొదటి వారం అందరూ వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. రెండో వారానికి తుఫాను, పెద్దాయన బాగా కలిసిపోయారు. ఆమె నిమిషానికి నూరు మాటలు, ఆయన నిమిషానికి నాలుగు. ఆమెని గడియారాల వైద్యంలోకి దింపారట.

ఇవాళ స్టాండప్‌లో మ్యూటయ్య (మొదటి రోజు మ్యూట్‌లో మాట్లాడినతను; పేరు నేను పెట్టలేదు, అతనే పెట్టుకున్నాడు) గొంతు సవరించుకుని, తనకి అప్పగించిన కోడ్ సగం తనకి అర్థం కాదని, నెలన్నరగా అర్థమైనట్టు నటిస్తున్నానని చెప్పేశాడు. ఎవరూ వెక్కిరించలేదు. పెద్దాయన తనకీ సగమే తెలుసని, ఆ సగం ఈ సగం కలిపి చూద్దామని అన్నారు.

ఫోన్ పక్కన పెట్టి గదిలో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను. కింద తన టైలరింగ్ షాపులోంచి అక్క ఏమైందే అని కేకేసింది.

ఫిబ్రవరి 11, మంగళవారం

సర్ తెగ మెచ్చుకున్నారు. టీమ్ మారిపోయింది, నీ మంత్రం ఏంటి అన్నారు. బోర్డు గురించి చెప్పాను, పొంగిపోయి కాస్త ఎక్కువే చెప్పాను. ఒకసారి చూపించు అన్నారు. మాట ఇచ్చాను సర్, కుదరదు అన్నాను. అందుకే నిన్ను ఎంచుకున్నాను అన్నారు.

అక్కకి చెబితే మిషన్ ఆపకుండానే నవ్వింది. ఒకరి నడుము కొలత ఇంకొకరి చెవిన వేసిన రోజు నేనూ షాపు మూసుకోవాల్సిందే అంది. పాతికేళ్ళుగా కుడుతోంది. ఈ వీధిలో ఎవరు లావెక్కారో దాని కొలతల పుస్తకానికి, దానికి తప్ప తెలియదు.

ఫిబ్రవరి 12, బుధవారం

బోర్డు లైసెన్స్ రెన్యువల్. డిపార్ట్‌మెంట్ పేరు మీద ఉండాలట, సర్ అకౌంట్‌కి మార్చాను. రెండు నిమిషాల పని.

మార్చి 3, సోమవారం

ఇవాళ స్టాండప్‌లో నాలుగు బ్లాకర్లు. జీవితంలో ఇంత సంతోషంగా సమస్యలు విన్నది లేదు.

మార్చి 14, శుక్రవారం

రిలీజ్‌కి వారం ఉంది. రెట్రో చివర అయిదు వేళ్ళ ఓటు పెట్టాను. రిలీజ్ మీద పూర్తి నమ్మకం ఉంటే అయిదు వేళ్ళు, లేకపోతే తక్కువ. ఒకటి, రెండు, మూడు అనగానే అందరూ కెమెరా ముందు చెయ్యెత్తాలి, పక్కవాళ్ళని చూసి మార్చుకోకుండా. ఎక్కువమంది రెండు వేళ్ళు చూపించారు. తుఫాను ఒక్కటే. ఎవరూ మొహమాటానికి అయిదు చూపించలేదు. జనవరిలో అయితే ఏడు చేతులూ అయిదు చూపించి ఉండేవి.

ఆ తర్వాత బోర్డు మీద ఒక చీటీ. "నెట్‌వర్క్ పోయి వస్తే స్క్రీన్ మీద అంతకుముందు పేషెంట్ మందుల లిస్టే ఉండిపోతోంది. ఆ టికెట్ మూసెయ్యమని పైనుంచి ఫోన్ వచ్చింది. ఏం చెయ్యాలో తెలియడం లేదు."

ఒకరి మందు ఇంకొకరికి పోతుంది. ఎవరు రాశారని అడగలేదు. తప్పులు నమోదు చేసే టికెట్లు మూసే వీలు నలుగురికి ఉంది, ఎవరైనా కావచ్చు. రాసినవాళ్ళు ఎప్పుడైనా నాతో మాట్లాడవచ్చు అని మాత్రం అన్నాను. తెలుసుకోవాలని చేతులు దురద పెట్టాయి. తెలుసుకోలేదు. మాట అంటే మాట.

మార్చి 17, సోమవారం

రిలీజ్ ఒక వారం వెనక్కి జరపాలని సర్‌కి చెప్పాను. ఎవరంటున్నారు అన్నారు. టీమ్ అంటోంది అన్నాను. టీమ్‌లో ఎవరు? ఏడుగురూ సర్. సరే, నీ మాట మీద జరుపుతున్నాను అన్నారు. పాదాలకి దణ్ణం పెట్టాలనిపించింది.

మార్చి 19, బుధవారం, ఉదయం 9:50

స్టాండప్‌లో ఆరుగురే. పెద్దాయన గడి లేదు. మెసేజ్ పెడితే ఆ అకౌంట్ లేదంటోంది.

అదే రోజు, సాయంత్రం 4

తీసేశారు. ఉదయం ఎనిమిదిన్నరకి లాగిన్ ఆపేసి, తొమ్మిదికి ఉత్తరం పంపారు. లోపలి విషయాలు వక్రీకరించి రిలీజ్‌ని అడ్డుకున్నారట, సంస్థకి ఆయన మీద నమ్మకం పోయిందట.

సర్‌కి ఫోన్ చేశాను. ఆయన గొంతులో ఏ తేడా లేదు. తనకీ బాధగానే ఉందన్నారు. ఇదంతా మీకెలా తెలుసు అన్నాను. ఆ చీటీ చదివి వినిపించారు. నేను చూపించలేదు, ఎవరికీ చెప్పలేదు. అక్షరం పొల్లు పోకుండా చదివి, చివర పెద్దాయన పేరు కూడా చదివారు.

మార్చి 20, గురువారం

ఉదయం నుంచి ఏమీ తినబుద్ధి కాలేదు. తొమ్మిదేళ్ళు. నమ్మించి గొంతు కోశారు అనే మాట ఎన్నిసార్లో విన్నాను, అది ఇలా ఉంటుందని తెలియదు. కోపం కంటే ముందు సిగ్గేసింది. ఆ నీళ్ళ సీసా కూడా లెక్క వేసుకునే ఇచ్చారేమో అనిపించింది. అంతలోనే కాదు, అప్పుడు నిజంగానే ఇచ్చారు అనిపించింది. అదే ఇంకా బాధ.

ఇప్పుడు ఇంకొకటి రాయాలి. పేజీలు వెనక్కి తిప్పి చూసుకున్నాను. జనవరి 20న ఎందుకో ఆయనతోనే మొదలుపెడదామనిపించింది అని రాశాను. అబద్ధం. నాకోసం రాసుకునే డైరీలో నాకే అబద్ధం చెప్పుకున్నాను.

బోర్డు మీద పేర్లు కనబడవు, నిజమే. కానీ బోర్డు ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళకి, చీటీ వివరాలు నొక్కితే రాసినవాళ్ళ పేరు వస్తుంది. జనవరి 17న, మీటింగ్ అయిన అయిదు నిమిషాలకి నేను నొక్కాను. భయపడుతున్న మనిషి ఎవరో తెలిస్తే సాయం చెయ్యొచ్చు అనుకున్నాను. చేశాను కూడా. తర్వాత తప్పు చేశానని తెలిసి, మళ్ళీ ఎప్పుడూ చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. మార్చి 14న ఆ ఒట్టు నిలబెట్టుకున్నాను.

అంటే ఫిబ్రవరి 12న సర్‌కి ఏం అప్పగిస్తున్నానో నాకు తెలుసు. ఆయన చూడరనుకున్నాను. ఆయన కాబట్టి అనుకున్నాను.

మార్చి 21, శుక్రవారం

పెద్దాయన ఫోన్ ఎత్తడం లేదు. రెండుసార్లు ఆయన భార్య ఎత్తారు. పనిలో ఉన్నారండీ అన్నారు. ఏ పనిలో అని అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

తుఫాను ఫోన్ చేసింది. ఈసారి నిమిషానికి నాలుగు మాటలే. ఆ టికెట్ మూసెయ్యమని పెద్దాయనకి ఫోన్ చేసింది సర్ స్వయంగానట, పెద్దాయనే ఆమెకి చెప్పారట. ఆ చీటీ సర్ దాకా ఎలా వెళ్ళింది, మీరొక్కరేగా బోర్డు నడిపేది అని అడిగింది. నీళ్ళు నమిలాను. కనుక్కుంటాను అన్నాను. మీరు కనుక్కోండి మేడమ్ అంది. ఇన్నాళ్ళూ నన్ను అక్కా అనేది.

రెట్రోలో ఒక్క చీటీ కూడా పడలేదు.

మార్చి 24, సోమవారం

నో బ్లాకర్స్. ఆరుసార్లు.

వాళ్ళు నన్ను వదిలేసి వేరే గ్రూప్ పెట్టుకున్నారు. మ్యూటయ్య పొరపాటున అందులో పెట్టాల్సిన మెసేజ్ ఇందులో పెట్టి వెంటనే తీసేశాడు. ఈలోపే చదివాను. ఆవిడ ఉన్నప్పుడు ఏమీ అనకండి అని ఉంది.

మార్చి 26, బుధవారం

పెద్దాయన అప్పీల్ పెట్టారట, అది తేలేదాకా రిలీజ్ ఆపారట. ఏప్రిల్ 9న కంపెనీ కమిటీ ముందు విచారణ, వీడియోలోనే. ఆ బోర్డు మీద రాసింది బయటికి పోదని కంపెనీ తరఫున నేను మాట ఇచ్చినట్టు రాసిస్తే ఆయన ఉద్యోగం నిలబడొచ్చని తుఫాను మెసేజ్ పెట్టింది. రెండే లైన్లు, చివర దయచేసి అని.

గంట తిరక్కుండా సర్ నుంచి ఫోన్. పన్నెండు మందితో కొత్త టీమ్ ఉందట, నాకోసమే ఉంచారట. విచారణలో నేను ఏమీ రాయకపోవడమే అందరికీ మంచిదట. మీరు బోర్డు తెరిచి పేరు చూశారు సర్, అది తప్పు కాదా అన్నాను. అప్పుడు చెప్పారు. బోర్డులో ఎవరు ఎప్పుడు ఏ వివరాలు చూశారో కూడా నమోదై ఉంటుందట. జనవరి 17, సాయంత్రం 5:05, నా పేరు. మనిద్దరం చేసింది ఒకటే పని, నేను రెండు నెలలు ఆలస్యంగా చేశాను అన్నారు. గొంతు పెంచలేదు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచరు.

ఒళ్ళు మండిపోయింది. ఫోన్ పెట్టేశాను.

మార్చి 29, శనివారం

అక్కకి మొత్తం చెప్పాను. దారం ఎక్కిస్తూ విన్నది. నేను మంచికే చూశాను అన్నాను. మంచికే చూశావు, చూశానని పెద్దాయనకి ఎందుకు చెప్పలేదు అంది. చెబితే మళ్ళీ నాతో మాట్లాడేవారు కాదు అన్నాను. అయితే నువ్వు చూసింది మంచికి, దాచింది నీకోసం అంది.

తర్వాత నా ప్లేట్‌లో అన్నం పెట్టి, తిను, తిని రాయి అంది. ఏం రాయాలో చెప్పలేదు.

ఏప్రిల్ 4, శుక్రవారం

కమిటీకి ఇవాళ పొద్దున పంపాను. మూడు పేజీలు. నేను ఇచ్చిన మాట, సర్ చేసిన ఫోన్, బోర్డు చేతులు మారిన తేదీ, జనవరి 17న నేను చేసింది.

కమిటీకంటే టీమ్‌కి ఆలస్యంగా తెలియకూడదని సాయంత్రం రెట్రోలో చెప్పాను. కాగితం చూసి చదువుదామనుకున్నాను, చదవలేకపోయాను. పేర్లు కనబడవని చెప్పాను, నాకు కనబడతాయి. ఒకసారి చూశాను. రెండోసారి చూడలేదు. కానీ చూడగలిగేది ఇంకొకరి చేతిలో పెట్టాను. ఇంతే చెప్పగలిగాను.

మ్యూటయ్య తనే మ్యూట్ తీసుకున్నాడు. నా చీటీలు ఎన్ని చూశారు అని అడిగాడు. ఒక్కటి కూడా చూడలేదు అన్నాను. ఎలా నమ్మమంటారు అన్నాడు. కోపంగా అనలేదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. అతని గడి నల్లబడింది. తర్వాత ఒక్కొక్కటే అన్నీ నల్లబడ్డాయి. తుఫాను చివరిదాకా ఉంది. ఏదో అనబోయి, తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయింది.

జనవరిలో ఎవరూ మాట్లాడని టీమ్‌ని ఇచ్చారు నాకు. ఇప్పుడు ఎవరూ మాట్లాడరు. మధ్యలో ఒక నెల రోజులు మాట్లాడారు.

ఏప్రిల్ 9, బుధవారం

విచారణ గంటన్నర. కమిటీలో ముగ్గురు. పెద్దాయన కెమెరా పెట్టలేదు. అడిగినవాటికి మాత్రం జవాబు చెప్పారు. ఆ తప్పు నిజంగా ఉందో లేదో కమిటీలో ఒకామె అక్కడికక్కడే పరీక్ష చెయ్యమంది. తుఫాను స్క్రీన్ చూపించి నెట్‌వర్క్ ఆపి మళ్ళీ పెట్టింది. కొత్త పేషెంట్ పేరు కింద పాత పేషెంట్ మందులు. ముగ్గురూ చాలాసేపు దాన్నే చూశారు.

సర్ నా స్టేట్‌మెంట్ గురించి ఒక్క మాటే అన్నారు. ఆవిడ చాలా సున్నితమైన మనిషి అన్నారు. తొమ్మిదేళ్ళ మీద మట్టి పోసినట్టు అనిపించింది.

ఏప్రిల్ 14, సోమవారం

తీర్పు వచ్చింది. పెద్దాయన తొలగింపు రద్దు, 21 నుంచి రావచ్చు. సర్‌ని వేరే విభాగానికి మార్చారు. అనుమతి లేకుండా పేరు చూసినందుకు నన్ను ఈ పని నుంచి తప్పించి, యాప్ ఎలా వాడాలో కాగితాలు రాసే చోట వేశారు. అక్కడ మనుషులతో మాట్లాడే పని లేదు. నా స్టేట్‌మెంట్ కాపీ పెద్దాయనకి కూడా పంపారట.

అన్యాయం అనుకోలేదు. తిరిగి అదే టీమ్ ముందుకి వెళ్ళే ధైర్యం నాకు ఎలాగూ లేదు.

ఏప్రిల్ 16, బుధవారం

పెద్దాయన ఫోన్ చేశారు.

నేను చూశానని ఆయనకి జనవరిలోనే తెలుసట. ఏడుగురు ఉండగా తనకే ఎందుకు ఫోన్ వస్తుంది అనుకున్నారట. ఎవరో చూశారు, చూసి ఊరుకోలేదు అనుకుని ఆ రోజు కెమెరా పెట్టారట.

మార్చి 14న రాసింది బోర్డుకి కాదట. నాకట. నేను మళ్ళీ చూస్తానని, చూసి ఫోన్ చేస్తానని అనుకున్నారట. శని, ఆది, సోమ, మంగళ ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చున్నారట.

రెండోసారి నేను చూడలేదండీ అన్నాను.

తెలుసు అన్నారు.